ఒక మాత్ర నేర్పిన పాఠము

ఈ సంవత్సరపు సంచికకు శాస్త్రవిషయమైన వ్యాసమొకటి వ్రాయవలసినదని సంపాదకులు నన్ను కోరిరి. చంద్రయానమును గూర్చి వ్రాయుదునా, సూర్యశక్తిని గూర్చి వ్రాయుదునా యని కొన్ని దినములు తలపోసితిని. కాని కలము పట్టినప్పుడెల్ల ఒక బాలుని ముఖమే నా కన్నులయెదుట నిలిచినది. ఆ బాలుని మూలమున నేను నేర్చుకొనిన పాఠమును, అందులోని నా తప్పును దాచక, ఇచ్చట వ్రాయుచున్నాను. తలిదండ్రుల యనుమతితోనే వ్రాయుచున్నాను. పేరును ఊరును మాత్రము చెప్పను.

నేను పట్టభద్రుడనైన పిమ్మట ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదివితిని. అచ్చట మా అధ్యాపకులు మాటిమాటికి ఒక సూత్రమును చెప్పెడివారు. తరగతిలోని నలువదిమంది పిల్లలును నలువదిమందియే గాని ఒక్కడు కాదు. ఒకనికి ఒకసారి చెప్పిన చాలును, మరియొకనికి మూడుసార్లు చెప్పవలెను, వేరొకనికి చెప్పిన చాలదు, చేసి చూపవలెను. ఈ విషయముపై పరీక్షలో నాలుగు పుటలు వ్రాసి మంచి మార్కులు తెచ్చుకొంటిని. బోధనకు వర్తించు ఈ సూత్రము మందునకును వర్తించునని మాత్రము నాకు ఏనాడును తట్టలేదు.

2018వ సంవత్సరమున వసతిగృహపు పర్యవేక్షణ నాకు అప్పగింపబడియుండెను. వర్షకాలపు సెలవులకు మన్యములోని తమ ఊరికి పోయి వచ్చిన తొమ్మిదవ తరగతి బాలునికి చలిజ్వరము తగిలెను. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు తీసికొనిపోగా వ్రేలినుండి రక్తము తీసి చూచి, మలేరియాలో వైవాక్సు అను రకమని చెప్పిరి. మూడు దినములు క్లోరోక్విను, పదునాలుగు దినములు ప్రైమాక్విను ఇచ్చిరి. పెద్ద పొట్లమును నా చేతిలో పెట్టుచు నర్సమ్మగారు రెండు మాటలు చెప్పిరి. "జ్వరము తగ్గినది గదాయని మధ్యలో మానరాదు, మూత్రము నల్లబడినచో వెంటనే మాత్ర ఆపి పిల్లవానిని తీసికొని రండు." మొదటి మాట నా మనస్సున నాటుకొనెను. రెండవ మాటను విని, తల యూపి, మరచితిని. ఆ బాలునికిని చెప్పలేదు.

మొదటి మాట నాకంత బాగుగా నాటుకొనుటకు కారణము కలదు. వైవాక్సు క్రిములు రక్తములోనే గాక కాలేయములో కూడ దాగి నిద్రించును. క్లోరోక్విను రక్తములోని వానిని చంపును గాని నిద్రించువానిని తాకదు. అవి కొన్ని వారములకో నెలలకో లేచి మరల జ్వరము తెచ్చును. ప్రైమాక్విను ఆ నిద్రించువానిని నిర్మూలించును. ఈ సంగతిని నేను తరగతిలో బల్లపై బొమ్మ గీసి బోధించినవాడనే. అందుచేత మాత్ర తప్పించు పిల్లవాడు చదువు తప్పించు పిల్లవానికంటె నాకు అపరాధిగా కనబడెను.

రెండవ దినమున వేపచెట్టు మొదట సగము కరగిన మాత్ర యొకటి కనబడెను. బాలుని పిలిచి యడిగితిని. వాడు తల వంచి, "మా మేనమామకు ఈ మాత్ర పడలేదట మాస్టారూ. నల్లనీళ్లు పోసినాడట. మా యమ్మ చెప్పినది" అనెను. నేను నవ్వితిని. మన్యపువారి మూఢనమ్మకములలో ఇదియొకటి యనుకొంటిని. "మీ మేనమామకు పడకుంటే నీకేమిరా? మందు అందరికిని ఒక్కటే" అని మందలించి, ఆ రాత్రినుండి వాడు నా యెదుటనే మాత్ర మ్రింగవలెనని యాజ్ఞాపించితిని. మ్రింగిన పిమ్మట నోరు తెరపించి చూచితిని. ఇట్లు నాలుగు రాత్రులు జరిగినది.

ఐదవ దినమున ఉదయకాలపు ప్రార్థనకు నిలిచియుండగా వాడు కూలబడెను. పెదవులు సున్నమువలె తెల్లబడియుండెను, కన్నులు పచ్చబడియుండెను, గుండె పక్షిపిల్ల గుండెవలె కొట్టుకొనుచుండెను. అప్పుడు వాని ప్రక్క మంచముపై పరుండు పిల్లవాడు నెమ్మదిగా నా చెవిలో, "మాస్టారూ, రెండు దినములనుండి వీని మూత్రము కాఫీ డికాక్షనువలె నున్నది. చెప్పినచో మీరు కోపపడుదురని చెప్పవద్దన్నాడు" అనెను. ఈ మాట విన్నప్పుడు నాకు కలిగిన సిగ్గును ఈనాటికిని మరువలేదు.

పట్టణములోని ఆసుపత్రికి చేర్చితిమి. హీమోగ్లోబిను 5 గ్రాములకు దిగియుండెను. మాత్ర ఆపి, రక్తమెక్కించిరి. డాక్టరమ్మగారు నన్ను పిలిచి, "ఇంటిలో ఎవరికైనను ఎప్పుడైనను ఇట్లు జరిగినదా?" యని యడిగిరి. మేనమామ సంగతి చెప్పక తప్పినది కాదు. ఎవరు చెప్పిరి, ఎప్పుడు చెప్పిరి యన్న ప్రశ్నలకును జవాబు చెప్పితిని. ఆమె నన్ను నిందింపలేదు. "తల్లికి తోడబుట్టినవాడా?" యని మరల యడిగి, ఆ మాటను కాగితముపై వ్రాసి క్రింద గీత గీసిరి.

నేను రెండు రాత్రులు ఆసుపత్రి వసారాలోని బల్లమీదనే యుంటిని. మూడవ దినమున బాలుడు కొంచెము తేరుకొని, కన్నులు తెరచి, నన్ను చూచి మొట్టమొదట అడిగిన ప్రశ్న యిది: "మాస్టారూ, మిగిలిన మాత్రలు మ్రింగవలెనా?" అక్కరలేదు నాయనా యని చెప్పి, బయటికి పోయి, కొంతసేపు నిలిచి, మరల లోపలికి వచ్చితిని.

జరిగినదేమో డాక్టరమ్మగారు నాకు విశదపరచిరి. మన ఎర్ర రక్తకణములలో గ్లూకోజు-6-ఫాస్ఫేటు డీహైడ్రోజినేసు అను ఎంజైము కలదు. క్లుప్తముగా జి-6-పి-డి యందురు. ఇనుము తుప్పుపట్టినట్లే ఆమ్లజని ప్రభావమున కణములును చెడిపోవును. ఆ తుప్పును ఎప్పటికప్పుడు పోగొట్టు శక్తిని కణమునకు సమకూర్చునది ఈ ఎంజైమే. ఇది తక్కువగా నున్నవారు మామూలు దినములలో మనవలెనే యాడుదురు, పాడుదురు, చదువుదురు. ఏ లోపమును కనబడదు. ప్రైమాక్వినువంటి మందు లోపలికి పోయినప్పుడు ఆ తుప్పు ఒక్కసారిగా హెచ్చును. ఎంజైము చాలని కణములు పగులును. వానిలోని ఎరుపు మూత్రములో దిగి నల్లగా కనబడును. ప్రపంచములో నలువదికోట్లకు పైగా జనులకు ఈ కొరత కలదని లెక్క. మలేరియా అనాదిగా నున్న దేశములలోనే ఇది విశేషము. ఈ కొరతగల కణములలో మలేరియా క్రిమికి అంతగా సుఖములేదనియు, అందుచేతనే తరతరములుగా ఇది నిలిచినదనియు శాస్త్రజ్ఞులు తలంతురు. మన దేశములో ఇందలి ఒక రకమునకు జి-6-పి-డి ఒరిస్సా యనియే పేరు. అది గిరిజనులలో హెచ్చుగా కనబడును. మలేరియానుండి పూర్వులను కాపాడియుండిన గుణమే, మలేరియా మందు వచ్చిన పిమ్మట, ఈ బాలునికి అపాయమైనది.

రెండవ నాటి సాయంకాలమున తల్లి వచ్చెను. సగము దారి నడిచి, సగము బస్సులో వచ్చినది. నన్ను ఒక్క మాటయు అనలేదు. డాక్టరమ్మగారు చెప్పినదంతయు విని, "అయితే ఇది నా రక్తములోనుండి వచ్చినదేనా యమ్మా?" యని మాత్రమే యడిగెను. ఆమెకు చెప్పిన సమాధానమును తల్లులందరును తెలిసికొనవలెను గనుక వ్రాయుచున్నాను. ఈ ఎంజైమును తయారుచేయు జన్యువు ఎక్సు అను క్రోమోజోములో నున్నది. స్త్రీకి ఎక్సులు రెండు. పురుషునికి ఒక్కటే, అదియు తల్లినుండి వచ్చినదే. తల్లికి ఒకదానిలో మార్పున్నను రెండవది ఆదుకొనును. అందుచేత ఆమెకు తెలియనే తెలియదు. ఆమె కుమారులలో ప్రతివానికిని ఆ మార్పు వచ్చుటకును రాకుండుటకును సమానావకాశము కలదు. కుమారునికి వచ్చినచో ఆదుకొనుటకు రెండవది లేదు. మేనమామకు వచ్చినది మేనల్లునికి కనబడుట ఇందువలననే. ఇందు తల్లి చేసిన దోషమేమియు లేదు. ఎవరి దోషమును లేదు.

దోషమేదైన నున్నచో అది నాది. ఆ తల్లి బడి యెరుగదు. అయినను తన తమ్మునికి జరిగినదానిని గుర్తుంచుకొని, బిడ్డకు చెప్పి పంపెను. శాస్త్రము చదివిన నేను దానిని మూఢనమ్మకమని త్రోసివైచితిని. వంశచరిత్ర యడుగుట వైద్యులు మొదట చేయు పని. ఆమె దానిని తానే తెచ్చి నా చేతిలో పెట్టినను నేను గుర్తింపలేదు.

ఆసుపత్రిలో అప్పుడే రక్తపరీక్ష చేసిరి. అయినను డాక్టరమ్మగారు, "ఈ ఫలితమును ఇప్పుడు నమ్మరాదు, మూడు నెలలకు మరల రండు" అనిరి. దీనికి కారణము వినదగినది. ఎర్ర కణము సుమారు 120 దినములు బ్రతుకును. దానికి కేంద్రకము లేదు గనుక క్రొత్త ఎంజైమును చేసికొనలేదు. వయస్సు పైబడినకొలది ఉన్నది తరుగును. మందువలన ముసలి కణములు పగిలిపోగా మిగులునవి పడుచు కణములు. వానిలో ఎంజైము కొంత హెచ్చుగా నుండును. కాబట్టి అపాయము జరిగిన దినములలోనే పరీక్షించినచో కొరత లేనట్లు కనబడి మోసపుచ్చవచ్చును.

మూడు నెలలకు బాలునితో నేనే పోతిని. నా కుతూహలమును చూచి ప్రయోగశాలవారు దగ్గర నిలువనిచ్చిరి. రక్తపుబొట్టును ఒక ద్రవములో కలిపి, కొంతసేపటికి వడపోత కాగితముపై చుక్కగా పెట్టి ఆరనిచ్చి, చీకటిగదిలో అతినీలలోహిత దీపము క్రింద చూతురు. ఎంజైమున్న రక్తపు చుక్క నీలముగా మెరయును. పోల్చి చూచుటకై నా రక్తపు చుక్కను ప్రక్కన పెట్టిరి. నాది మిణుగురువలె వెలిగినది. వానిది వెలుగలేదు. బయటి వెలుతురులో రెండును ఒక్క ఎరుపే. మందు అందరికిని ఒక్కటే యని నేనన్న మాట ఆ చీకటిగదిలో నాకు మరల వినబడెను.

అటుపిమ్మట ఈ విషయమును గూర్చి దొరికినదెల్ల చదివితిని. కొన్ని సంగతులు మీకును తెలిసియుండవలెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రపు స్టేట్‌విల్ చెరసాలలో మలేరియా మందులను ఖైదీలపై పరీక్షించుట ఆరంభించిరి. యుద్ధానంతరమును అది సాగినది. ప్రైమాక్విను కొందరికి పడకుండుటను అచ్చటనే పరిశోధించిరి. పడనివాని కణములకు గుర్తుపెట్టి, పడినవాని శరీరములోనికి ఎక్కించి, అతనికి మందిచ్చిరి. ఎక్కించిన కణములే పగిలినవి. అతని స్వంత కణములు నిలిచినవి. లోపము మందులో లేదు, శరీరములో మరెచ్చటను లేదు, కణములోనే యున్నదని ఇట్లు తేలినది. 1956లో కార్సను మొదలగువారు ఆ లోపము జి-6-పి-డి కొరతయని కనిపెట్టిరి. చెరసాలలో నున్నవాని సమ్మతి నిజముగా సమ్మతియేనా యన్న ప్రశ్న పిమ్మట గట్టిగా లేచినది; అది న్యాయమైన ప్రశ్న. ఆ జ్ఞానమును అనుభవించు మనము అది ఎవరి శరీరములనుండి వచ్చినదో మరువరాదు. 1959లో జర్మను శాస్త్రజ్ఞుడు ఫ్రెడ్రిక్ ఫోగెల్ ఈ శాస్త్రమునకు ఫార్మకోజెనెటిక్సు అని పేరు పెట్టెను. ఔషధజన్యుశాస్త్రమని మనము చెప్పుకొనవచ్చును.

ఇది దూరదేశపు కథ మాత్రమే యనుకొనవలదు. 1956లో మదరాసులో క్షయవ్యాధి చికిత్సాకేంద్రము స్థాపింపబడెను. ఐసోనియాజిడు అను మందును కొందరి శరీరము వేగముగాను, కొందరి శరీరము మెల్లగాను మార్చివేయుటను అచ్చటివారు దక్షిణదేశపు రోగులలో శ్రద్ధగా పరిశీలించిరి. మెల్లగా మార్చువారిలో మందు ఎక్కువసేపు నిలిచి, కాళ్లు చేతులు తిమ్మిరెక్కు బాధ కలుగవచ్చును. దానికి బి-6 విటమిను విరుగుడు. వేగముగా మార్చువారికి వారమునకొకమారు ఇచ్చు చికిత్స అంతగా చాలలేదు. ఒకే మందు, ఒకే మోతాదు. ఒకరికి ఎక్కువ, మరియొకరికి తక్కువ.

మన తెలుగువారికి మరింత దగ్గరి యుదాహరణ యొకటి కలదు. శస్త్రచికిత్సకు ముందు కండరములను సడలించుటకు సక్సినైల్‌కోలిను అను మందు నిత్తురు. సామాన్యముగా దాని ప్రభావము కొద్ది నిమిషములలో తీరును. దానిని విరుచు ఎంజైము లేనివారికి గంటలకొలది నిలిచి, తమంతట తాము ఊపిరి తీయలేకపోవుదురు; అంతవరకు యంత్రముతో ఊపిరి అందింపవలెను. ఈ ఎంజైము కొరత వైశ్య కుటుంబములలో ఇతరులకంటె ఎన్నోరెట్లు హెచ్చని కనుగొనిరి. అనేక తరములక్రిందట కొద్దిమంది పూర్వులనుండి పుట్టి, తమలో తామే వివాహములు చేసికొనుచు వచ్చుటవలన ఇట్లు జరిగినదని హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞుడు కుమారస్వామి తంగరాజును, అమెరికాలోని డేవిడ్ రైకును, వారి సహచరులును వివరించిరి. ఇది ఒక కులమునకు కళంకము కాదు. తమలో తామే వివాహమాడు ప్రతి సమూహములోను ఇట్టి యేదో యొక గుర్తు దాగియుండవచ్చును. కొన్నిటిని కనుగొంటిమి, కొన్నిటిని ఇంకను కనుగొనవలెను.

అపాయము జరిగిన పిమ్మట కారణము తెలిసికొనుట ఒకటి. జరుగకముందే పరీక్షించుట మరియొకటి. రెండవదానికి తైవాను ద్వీపమువారు చక్కని మార్గము చూపిరి. మూర్ఛరోగమునకు కార్బమజెపిను అను మందు కలదు. అది కొందరికి చర్మమంతయు కాలినట్లు బొబ్బలెక్కి ఊడిపోవు ఘోరమైన ప్రమాదమును తెచ్చును. 2004లో అచ్చటివారు అట్టి ప్రమాదము పొందిన 44 మందిని పరీక్షింపగా, అందరిలోను హెచ్.ఎల్.ఏ.-బి 15:02 అను ఒకే జన్యురూపము కనబడినది. పిమ్మట 23 ఆసుపత్రులలో, ఆ మందు పుచ్చుకొనవలసిన 4,877 మందికి ముందుగా పరీక్ష చేసిరి. నూటికి 7.7 మందిలో ఆ రూపముండెను. వారికి ఆ మందు ఇయ్యలేదు. పూర్వపు లెక్కనుబట్టి సుమారు పదిమందికి ఆ ప్రమాదము రావలసియుండెను. ఒక్కరికిని రాలేదు. 2011లో ఈ ఫలితము ప్రకటింపబడినది.

ఒక్క మందునకు ఒక్క పరీక్ష గాక, ఒకేమారు పండ్రెండు జన్యువులను పరీక్షించి, ఫలితమును మనిషి చేతిలో పెట్టి, ఏ మందు వ్రాయవలసి వచ్చినను వైద్యుడు దానిని చూచునట్లు చేసినచో ఎట్లుండును? ఐరోపాలోని ఏడు దేశములలో 6,944 మందితో దీనిని పరిశీలించిరి. ఫలితమునుబట్టి మందునో మోతాదునో మార్చవలసిన వారిలో, అట్లు చూచి చికిత్స చేసినప్పుడు నూటికి 21 మందికి మందువలన బాధ కలుగగా, మామూలు పద్ధతిలో 27.7 మందికి కలిగినది. 2023లో లాన్సెటు పత్రికలో ఇది వెలువడెను. బాధలు పూర్తిగా పోలేదు, తగ్గినవి. ఎక్కువ చెప్పుట శాస్త్రము కాదు గనుక ఉన్నంతయే చెప్పుచున్నాను.

ఈ పరీక్షల హద్దులను కూడ తెలిసికొనవలెను. రక్తము గడ్డకట్టకుండ ఇచ్చు వార్ఫరినుయొక్క మోతాదును జన్యువులనుబట్టి నిర్ణయించుటను గూర్చి 2013లో రెండు పెద్ద పరిశోధనలు వెలువడెను. ఐరోపాలో జరిగినది మేలున్నదని చెప్పగా, అమెరికాలో జరిగినది మొత్తముమీద మేలు లేదని చెప్పెను. పైగా అందులోని నల్లజాతివారికి జన్యుపద్ధతిలో మోతాదు కుదురుట మరింత కష్టమైనది. వారిలో ముఖ్యమైన కొన్ని మార్పులు ఆ పద్ధతిలో చేర్చబడకుండుటయే దీనికి కారణమని చాలమంది పరిశోధకులు తలంచిరి. ఇతరుల రక్తమును చూచి గీసిన పటము మన దారిని సరిగా చూపదు. ఈ యుద్దేశముతోనే మన దేశములో పదివేలమంది జన్యుపటములను సేకరింపగా, ఆ సమాచారము 2025లో పరిశోధకులకు అందుబాటులోనికి వచ్చెను. అంతేగాక, మందు పడుటయు పడకుండుటయు జన్యువులవలననే కాదు. వయస్సు, ఆహారము, మూత్రపిండముల బలము, ఒకేమారు పుచ్చుకొను ఇతర మందులు, ఇవన్నియు కారణములే. జన్యుపరీక్ష వైద్యుని బుద్ధికి తోడు మాత్రమే.

ఇక మా వసతిగృహపు సంగతి. ఆసుపత్రినుండి వచ్చిన వెంటనే, ఎవరికి ఏ మందు పడదో పట్టిక వ్రాసి గోడకు అంటించవలెనని నా కుత్సాహము కలిగెను. బాలుని తల్లికి ఆ మాట చెప్పగా ఆమె భయపడి, "అట్లు చేయకుడి మాస్టారూ. పెద్దపిల్లకు సంబంధములు చూచుచున్నాము. రక్తములో జబ్బున్నదని ఊరంతయు చెప్పుకొందురు" అనెను. నేను మరల తప్పు చేయబోవుచుంటినని తెలిసికొంటిని. డాక్టరమ్మగారితో ఆలోచింపగా, "ఆ కాగితము పిల్లవానిది, పాఠశాలది కాదు. వాని జేబులో ఒక చీటి యుండవలెను, మీయొద్ద ముద్రవేసిన కవరులో ఒక ప్రతి యుండవలెను, అవసరమైననాడు వైద్యునికి మాత్రము చూపుడు" అని చెప్పిరి. అట్లే చేసితిమి. పెద్దపిల్లను గూర్చి కూడ ఆమె తల్లితో ఏకాంతముగా మాటలాడిరి. ఆడపిల్లలలో కొందరికి రక్తపుచుక్క పరీక్ష అటునిటుగా వచ్చును; జన్యువునే చూచు పరీక్ష స్పష్టముగా చెప్పును. ఆ మార్పున్న పిల్లను అదే మార్పున్న మేనమామకు ఇచ్చినచో పుట్టు కుమార్తెలకు కూడ రెండు వైపులనుండి కొరత వచ్చుట కవకాశము కలదని చెప్పి, వివాహమునకు ఇది అడ్డుకాదనియు, ఏ మందులను తప్పించుకొనవలెనో తెలిసియుండుటయే కావలసినదనియు ధైర్యము చెప్పిరి. బాలుని తమ్మునికి పరీక్ష చేయించిరి. వానికి కొరత లేదు.

మరుసటి సంవత్సరము ఆ బాలునికి జ్వరము మరల వచ్చినది. కాలేయములోని నిద్ర పూర్తిగా తీరలేదు గదా! ఈసారి నేను ముందుగా చీటిని చూపితిని. క్లోరోక్విను మాత్రమే యిచ్చిరి. కొరతగల కొందరికి వారమునకొకమారు చొప్పున ఎనిమిది వారములు ప్రైమాక్వినును వైద్యుని కన్నుల యెదుట నిచ్చు పద్ధతి కలదు గాని, మొదటిసారి వాని రక్తము అంతగా దిగుటచేత డాక్టరమ్మగారు దానికి ఒప్పుకొనలేదు.

తలిదండ్రులకు నాదొక మనవి. మీ బిడ్డకుగాని, మీకుగాని, మీ తోడబుట్టినవారికిగాని ఏ మందైనను పడకపోయి యున్నచో, ఆ మందు పేరును, సంవత్సరమును, జరిగినదానిని ఒక కాగితముపై వ్రాసి, బిడ్డను వసతిగృహమునకు పంపునప్పుడు వానితో పంపుడు. పేరు తెలియకున్నచో మాత్ర ఏ రంగుదో, ఏ జబ్బునకు ఇచ్చిరో వ్రాయుడు. వ్రాయుట రానివారు వచ్చి చెప్పుడు, వినుటకు నేనున్నాను. బట్టల పెట్టెలలో కలరా ఉండలు వేయు తల్లులకు మరియొక మాట: జి-6-పి-డి కొరతగలవారికి ఆ ఉండలును అపాయకరములే. మా పిల్లవాని పెట్టెలోను నాలుగు దొరికినవి, వానిని తీసివేసితిమి. అట్లని ఈ వ్యాసము చదివి ఎవరును తమంతట తాము మందు మానరాదు. చలిజ్వరమునకు ప్రైమాక్విను మంచి మందు. చాలమందిని అది కాపాడుచున్నది. మానుటయు మార్చుటయు వైద్యుని పని. ఆయనకు తెలియవలసినది చెప్పుట మన పని.

విద్యార్థులారా, మీకు కూడ ఒక మాట. మీ శరీరములో మార్పేదైనను కనబడినప్పుడు పెద్దలు కోపపడుదురని దాచవలదు. ఈ మాట మీకు చెప్పుటకంటె, మీరు భయపడక చెప్పునట్లు ప్రవర్తించుట మావంటివారి ధర్మమని నాకు తెలియును. ఆ బాలుడు రెండు దినములు మౌనముగా నుండుటకు కారణము వాని యజ్ఞానము కాదు, నా కోపము.

వాడిప్పుడు పెద్దవాడై, తన తండ్రి కాఫీతోటను చూచుకొనుచున్నాడు. గడచిన క్రిస్మసునకు నన్ను చూడవచ్చి, ప్లాస్టిక్కు తొడుగులో నలిగిన ఆ చీటిని జేబునుండి తీసి చూపెను. అక్షరములు చెరిగిపోవుచుండగా నేను క్రొత్తది వ్రాసి యిచ్చితిని. ఈ జూన్ నెలలో ఆరవ తరగతిలో చేరిన చిన్నవాడొకడు వసతిగృహములో మాత్ర చేతపట్టుకొని, "ఇది మా నాన్నకు పడదండీ" అనెను. నేను వానిని కూర్చుండబెట్టి, కాగితమును కలమును తీసికొని, ఎప్పుడు జరిగినది, ఏమి జరిగినది, ఇంటిలో మరెవరికైనను జరిగినదా యని వరుసగా అడిగి వ్రాసికొంటిని. ఆ రాత్రియే వాని తండ్రికి ఫోను చేసితిని.